ఐ7 ఉన్న సన్నటి లాప్‌టాప్ కన్నా ఐ5 ఉన్న లావుపాటిది ఫాస్ట్‌గా ఉంటుందా?

ఉంటుంది, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్ల (లాప్‌టాప్‌కి మెదడు లాంటి చిప్‌ల) రకాలు, మామూలుగా ఐ7 పై రకం, అయినా వీడియో రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైల్‌గా తయారుచేయడం) లాంటి చాలాసేపు సాగే పనుల్లో ఐ5 ఉన్న లావు లాప్‌టాపే చాలాసార్లు ముందుంటుంది. ఎందుకంటే ప్రాసెసర్ గట్టిగా పనిచేసేకొద్దీ వేడెక్కుతుంది, సన్నటి బాడీలో చిన్న ఫ్యాను, చిన్న హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు భాగం) తప్ప పట్టవు (మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అయితే ఇప్పుడు అసలు ఫ్యానే లేదు), దాంతో వేడి బయటికి పోక కాసేపటికి ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. ఉదాహరణకి ఇంటెల్ ఐ7-1355యు తీసుకోండి, బేస్ పవర్ (మామూలుగా నిలకడగా వాడుకునే కరెంటు) 15 వాట్లు, కోర్లు (చిప్‌లో పనిచేసే భాగాలు) 10, అదే ఐ5-13500హెచ్‌కి 45 వాట్లు, 12 కోర్లు. చాలామంది ఐ7 స్టిక్కర్ చూసి కొనేస్తారు గానీ ముందు చూడాల్సింది చివర్న ఉండే ఆ యు (తక్కువ పవర్‌ది), హెచ్ (ఎక్కువ పవర్‌ది) అక్షరాలే. అలాగని సన్నటివి పనికిరావని కాదు, బ్రౌజింగ్, ఎక్సెల్, వీడియో కాల్స్‌కి అవి బోలెడు, మోయడం తేలిక, బ్యాటరీ కూడా మామూలుగా ఎక్కువసేపే వస్తుంది.