మ్యాప్ మీద పొలం గీసి సాగునీరు ఎంత కావాలో లెక్కేయడం

12 హెక్టార్ల మొక్కజొన్నకు ఎంత నీరు కావాలో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌, ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు. మూడు పంటకాలాలుగా నేను అలాగే లెక్కేస్తున్నాను. నా మొదటి తప్పు పొలం విస్తీర్ణం దగ్గరే జరిగింది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

గట్ల వెంట పాలిగన్ (పొలం హద్దుల ఆకారం) గీసి, ఆన్‌లైన్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లోనే విస్తీర్ణం తీశాను. ప్రొజెక్షన్ అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే పద్ధతి. ఇది భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ నేలను సాగదీసి చూపిస్తుంది. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం 9 శాతం పెరుగుతుంది, 45 డిగ్రీల దగ్గరైతే రెట్టింపే. ఆ తేడా అలాగే నీటి లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే విస్తీర్ణాన్ని దాదాపు సరిగ్గా చూపే ప్రొజెక్షన్, ఆ ప్రాంతపు యూటీఎం జోన్‌లోకి మార్చి కొలవండి. పొలంలోని బావి, చెట్లు, కల్లం వదిలేసి గీయండి.

లెక్కకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 1998లో ఇచ్చిన పద్ధతే వాడుతున్నాను. వాతావరణాన్ని బట్టి రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందో ముందు తెలియాలి. దాన్ని రిఫరెన్స్ ఈటీ (నేల నుంచీ ఆకుల నుంచీ ఆవిరయ్యే నీరు) అంటారు. దాన్ని పంట గుణకంతో గుణించాలి. మొక్కజొన్నకు ఈ గుణకం మొలక దశలో 0.3 ఉంటే, పూత, కంకి దశలో 1.2 దాకా వెళ్తుంది. ఈటీ 5 మి.మీ. అనుకుంటే కంకి దశలో పంటకు 6 మి.మీ. కావాలి. వాన వల్ల రోజుకు సగటున 1 మి.మీ. అందితే మిగిలేది 5. కాలువతో పారిస్తే వేర్లకు చేరేది దాదాపు 60 శాతమే, కాబట్టి 8.3 మి.మీ. వదలాలి. హెక్టారుకు 1 మి.మీ. అంటే 10 వేల లీటర్లు. అలా 12 హెక్టార్లకు రోజుకు 10 లక్షల లీటర్లు. అదే డ్రిప్‌తో, 90 శాతం చేరుతుందనుకుంటే, 6.7 లక్షల లీటర్లు చాలు. ఉపగ్రహం ఎంత బాగా చూపించినా, వేర్లకు ఎంత శాతం నీరు చేరుతుందో సరిగ్గా వేసుకోకపోతే లెక్కంతా పాడవుతుంది.

పంట ఏ దశలో ఉందో తెలుసుకుని ఆ గుణకం వేయడానికి యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాల్లో పచ్చదనం ఎంతుందో చెప్పే సూచిక ఎన్‌డీవీఐ చూస్తాను. 10 మీటర్ల పిక్సెల్, దాదాపు 5 రోజులకో చిత్రం, డబ్బు కట్టనక్కర్లేదు. గట్టు పక్క పిక్సెల్‌లో సగం గడ్డీ, సగం పంటా ఉంటాయి. అందుకని పాలిగన్‌ను లోపలికి 10 మీటర్లు కుదించి సగటు తీయండి (విస్తీర్ణానికి మాత్రం అసలు పాలిగనే). ఒకసారి పొలంలో ఒక మూల ఎన్‌డీవీఐ ఒక్కసారిగా పడిపోయింది. పంట ఎండిపోతోందని టెన్షన్ పడి పరుగెత్తాను. తీరా చూస్తే అది మబ్బు నీడ! అప్పటి నుంచి మబ్బులు, నీడలు మాస్క్ చేయకుండా (లెక్కలోంచి తీసేయకుండా) ఏ చిత్రాన్నీ నమ్మడం లేదు.

ముందుముందు వరి వేసే ఆలోచన ఉంటే ఈ లెక్క సరిపోదు. దమ్ముకు దాదాపు 200 మి.మీ. నీరు విడిగా కావాలి, ఆపైన మడిలోంచి ఇంకిపోయేది కూడా కలపాలి. ఎఫ్ఏఓ లెక్కలో అది బరువైన బంకనేలలో రోజుకు 4 మి.మీ., ఇసుకనేలలో 8 మి.మీ.

నేల కొంత నీటిని నిలబెట్టుకుంటుంది కాబట్టి రోజూ తడి ఇవ్వక్కర్లేదు. నాలుగైదు రోజుల లెక్క కూడి ఒకేసారి ఇవ్వొచ్చు, ఇసుకనేలైతే ఇంకా ముందే ఇవ్వాలి. కంకి దశలో మాత్రం మీ పంపు ఆ నీరు ఇవ్వగలదో లేదో ఇప్పుడే చూసుకోండి. 200 లీటర్ల డ్రమ్ము 14 సెకన్లలో నిండితే గంటకు దాదాపు 50 వేల లీటర్లు వస్తున్నట్టు. పైన వేసిన కాలువ లెక్కకు ఆ పంపు రోజుకు 20 గంటలు నడవాలి, డ్రిప్‌కైతే 13 గంటలకు పైగా. మీకు అన్ని గంటలు కరెంటు రాకపోతే, విత్తకముందే విస్తీర్ణం తగ్గించుకోవడమో డ్రిప్ పెట్టుకోవడమో తేల్చుకోండి.