వెబ్‌లో స్లైడ్లు తయారు చేయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఈసారి స్లైడ్లను వెబ్ పేజీగానే తయారు చేస్తానని రాశావు, చాలా సంతోషం. ఏ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వాడాలని అడిగావు. రివీల్ జేఎస్ తీసుకో. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ వస్తే చాలు, ఒక్కో సెక్షన్ ట్యాగ్ ఒక్కో స్లైడు అవుతుంది. వ్యూ (Vue) అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ అలవాటుంటే, దాని మీద నడిచే స్లైడెవ్ కూడా మంచిదే. ఆ ఎంపిక మీద ఇంతకు మించి సమయం పెట్టకు.

నీ సమయమంతా పెట్టాల్సింది వేరే చోట. చక్రవడ్డీ గురించి చెప్పాలనుకో. వడ్డీ రేటు మార్చే స్లైడర్ (జరిపే మీట) పెట్టి అటూ ఇటూ జరుపుతుంటే గ్రాఫు చక్కగా లేస్తుంది, అందరూ చూస్తారు, ఎవరికీ ఏమీ గుర్తుండదు. అలా కాకుండా 6 శాతం దగ్గర ఆపు. 30 ఏళ్లకు అసలు సుమారు 5.7 రెట్లయిందని చూపించు. రేటు 12 శాతమైతే ఎన్ని రెట్లవుతుందో చెప్పమని అడుగు. చాలామంది పదకొండో పన్నెండో అంటారు. జవాబులు వచ్చేదాకా ఓపిక పట్టు, తొందరపడి నువ్వే చెప్పేయకు. అప్పుడు జరుపు. దాదాపు 30 రెట్లు! ముందే ఒక అంకె ఊహించుకున్నవాళ్లు ఆ గీతను మరిచిపోలేరు. ఇలా అడగడానికి ప్రశ్న లేని స్లైడులో స్లైడర్ అనవసరం, నిర్దాక్షిణ్యంగా తీసెయ్.

ఒక చిక్కు మాత్రం తప్పక ఎదురవుతుంది. స్లైడర్‌ను మౌస్‌తో జరిపాక బాణం కీ నొక్కితే స్లైడు మారదు, స్లైడరే కదులుతుంది. ఫోకస్, అంటే కీబోర్డు మాట వినే స్థానం, ఇంకా దానిమీదే ఉండటం కారణం. మౌస్ బటన్ వదిలినప్పుడు వచ్చే పాయింటర్‌అప్ ఈవెంట్‌లో, ఫోకస్ తీసేసే బ్లర్ ఫంక్షన్‌ను పిలువు, సరిపోతుంది. విలువ మారినప్పుడు వచ్చే చేంజ్ ఈవెంట్‌లో పిలవకు. కీబోర్డుతో జరిపేవాళ్లకు ఒక్క అడుగు వేయగానే ఫోకస్ జారిపోతుంది, వాళ్లను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. కదలికలు పడనివాళ్లూ ఉంటారు. పేజీ రూపం నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ (prefers-reduced-motion) నియమం రాసి, వాళ్లకు యానిమేషన్లు ఆపేయ్.

ఫాంట్లు, లైబ్రరీ ఫైళ్లు నీ ఫోల్డర్‌లోనే ఉంచుకో. వేదిక దగ్గర ఇంటర్నెట్ ఉంటుందని నమ్ముకోకు. రివీల్‌లో ఎస్ కీ నొక్కితే నీ నోట్సు వేరే కిటికీలో తెరుచుకుంటుంది, దానితో సాధన చెయ్యి.

పీడీఎఫ్ ప్రతి కూడా చేసుకో. రివీల్‌లో పేజీ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి ప్రింట్-పీడీఎఫ్ అని ఇంగ్లిషులో (?print-pdf) చేర్చి, క్రోమ్‌లో ప్రింటు ఇస్తే వస్తుంది. అందులో స్లైడర్ పనిచేయదు కాబట్టి, రెండు రేట్ల గీతలూ కలిపి చూపే బొమ్మను ప్రశ్న తర్వాతి స్లైడులో పెట్టు. పూర్తయ్యాక లింకు పంపు, కూర్చుని చూస్తాను.