చిచెన్ ఇట్జా శిథిలాలు, సెనోటేలో ఈత: రెండూ ఒక్క రోజులో కుదురుతాయా?

కుదురుతాయి. చిచెన్ ఇట్జా మెక్సికోలోని యుకతాన్ రాష్ట్రంలో ఉన్న ప్రాచీన మాయా నగరం. సెనోటే అంటే సున్నపురాయి నేల కుంగి, భూగర్భజలం బయటపడ్డ సహజమైన గుంత. శిథిలాలు పొద్దున్నే చూసేసి, ఈత మధ్యాహ్నానికి పెట్టుకోండి. గేటు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. పదకొండు దాటితే టూరు బస్సులు వరసకడతాయి, అక్కడి పెద్ద పిరమిడ్ చుట్టూ నీడ కూడా దొరకదు.

తీరపు పర్యాటక నగరం కాంకూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. కాంకూన్ గడియారం యుకతాన్ రాష్ట్రం కన్నా గంట ముందుంటుంది. వెళ్లేటప్పుడు ఆ గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు పోతుంది. సాయంత్రం విమానం ఉంటే ఇక్కడే లెక్క తప్పుతుంది. ముందురోజు రాత్రి దగ్గర్లోని వయ్యదొలీద్ పట్టణంలో బస చేస్తే ఇంకా హాయి, అక్కణ్ణుంచి 45 కిలోమీటర్లే.

ప్రవేశ రుసుము మెక్సికో కేంద్ర ప్రభుత్వానికి, రాష్ట్రానికి విడివిడిగా కట్టాలి. పిరమిడ్ ఎక్కనివ్వరు. కింద మెట్లకు ఎదురుగా నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ప్రతిధ్వని పక్షి కూతలా తిరిగొస్తుంది. ఆవరణలోని పవిత్ర సెనోటే చూడటానికే, అందులో దిగకూడదు.

ఈతకు సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని ఇక్ కిల్ అనే సెనోటే ఉంది. నీళ్లు నేలమట్టానికి 26 మీటర్ల దిగువన ఉంటాయి. రాతిమెట్లు తడిగా ఉండి జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. లోతు 40 మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి లైఫ్ జాకెట్ తప్పనిసరి. దిగేముందు షవర్ కింద సన్‌స్క్రీన్, దోమల మందు పూర్తిగా కడిగేయాలి. ఉత్తర యుకతాన్‌లో నేలమీద నదులు లేవు, వాననీరు సున్నపురాయిలోకి ఇంకి లోపలే పారుతుంది, ఊళ్లు తాగేదీ ఆ నీళ్లే. ఎండకు క్రీము బదులు పొడుగు చేతుల ఈత చొక్కా తీసుకెళ్లండి.