మా లోగో పెడనలో టేకు చెక్క మీద పుట్టింది

"చేతిపనుల వ్యాపారం చిన్నగా మొదలుపెడుతున్నాను. లోగో యాప్‌లో నేనే చేసుకోవాలా, డిజైనర్‌కి ఇవ్వాలా?" అని ఒకరు అడిగారు. నేను రెండూ చేశాను. రెండూ పనికిరాలేదు. మూడోది ఎలా కుదిరిందో చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

నేను విజయవాడలో అద్దకం గుడ్డతో, అంటే చెక్క అచ్చులతో రంగులద్దిన కలంకారీ గుడ్డతో, సంచులు, పర్సులు, జాకెట్టు ముక్కలు చేయించి అమ్ముతాను. నేను, కుట్టేవాళ్లు ఇద్దరు, మా ఆయన స్కూటరు. అంతే మా కంపెనీ. పేరు ఇక్కడ చెప్పను, ప్రచారం అనుకుంటారు. పేరు మధ్యలో 'ద్ద' ఉందని మాత్రం గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

మొదట రాత్రి కూర్చుని ఫోన్లో యాప్‌తో చేశాను. నెమలి, కింద తామరపువ్వు, బంగారు రంగు అక్షరాలు. ఎంత మురిసిపోయానో! తెల్లారి మూడొందల స్టిక్కర్లు వేయించేశాను. పది రోజులకి మా వెనక వీధిలో బ్యూటీ పార్లర్ పెట్టారు. ఫ్లెక్సీ మీద అదే నెమలి. మెడ వంపు అదే, తోకలో ఏడు ఈకలూ అవే. ఎవర్ని అడుగుతాం? టెంప్లేట్ అన్నాక అందరిదీ. అలాంటి రెడీమేడ్ బొమ్మని 'ఇది నాదే' అని ట్రేడ్‌మార్క్‌కి (ఆ గుర్తు మీ ఒక్కరిదే అని ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించుకోవడానికి) పెట్టుకోవడం కూడా కుదరదు, ఆ యాప్‌ల నిబంధనల్లోనే రాసి ఉంటుంది. మనం చదవం.

రెండోసారి ఒక డిజైనర్ కుర్రాడికి మూడు వేలు ఇచ్చాను. మంచివాడే, పనిమంతుడే. కానీ నేను చెప్పిందేమిటి? "నెమలే కావాలి, ఇంకొంచెం రిచ్‌గా." తప్పు నాది. ఈసారి ఈకల్లో వెంట్రుకంత సన్నని గీతలు, నాలుగు రంగులు.

దాన్ని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి ఎలా ఉందని అడిగాను. ఆ పని మాత్రం మీరు చేయకండి. మామయ్యగారు న్యూమరాలజీ లెక్కేసి పేరులో ఇంకో అక్షరం కలపమన్నారు. మా ఆడపడుచు లక్ష్మీదేవిని పెట్టమంది. "సంచిలో ఉల్లిపాయలు మోస్తారు, దాని మీద అమ్మవారేంటి వదినా?" అన్నాను. వారం రోజులు మాటల్లేవు. కొనేవాళ్లు ఒక్కరూ లేని గ్రూపులో లోగో గురించి అడగడమేంటో, ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది.

ఇక అసలు సంగతి. ప్రతి సంచి మూలనా లోగోని కూడా అచ్చుతోనే అద్దితే బాగుంటుందనిపించింది. గుడ్డంతా చేత్తో అద్దించి, లోగో మాత్రం ప్లాస్టిక్ స్టిక్కరు వేస్తే ఏం బాగుంటుంది? సరే అని బందరు బస్సెక్కి పెడన వెళ్లాను. అక్కడ అచ్చులు చెక్కే పెద్దాయన ఉన్నారు, బాబాయ్‌గారూ అంటాను. ఫోన్లో నెమలిని చూపించాను. కళ్లజోడు పైకెత్తి, ఫోను దగ్గరికీ దూరంగానూ పెట్టి చూశారు.

"అమ్మాయ్, ఇది కాగితం మీద నిలుస్తుంది, చెక్కలో నిలవదు. ఈ గీతలు పది అద్దకాలకే విరుగుతాయి."

"కొంచెం లావు చేస్తే?"

"అప్పుడు సందుల్లో రంగు పూడిపోద్ది. గీతకీ గీతకీ మధ్య బియ్యపు గింజ పట్టాలి. ఇక్కడ చీమ కూడా పట్టదు."

నాకు ఉక్రోషం వచ్చింది. మూడు వేలు పోసిన నెమలి మరి! ఆయన అదేం పట్టించుకోకుండా పేరు చదివారు, 'ద్ద' దగ్గర గోటితో ఫోన్ మీద కొట్టారు. అది స్క్రీన్ కదా, ఇంకేదో తెరుచుకుంది. మళ్లీ వెనక్కి తెచ్చి ఇచ్చాను.

"నెమలెందుకమ్మా? పేరులోనే తల్లీపిల్లా ఉన్నారుగా."

నాకు ముందు అర్థం కాలేదు. పక్కనున్న ముక్క మీద సుద్దతో గీసి చూపించారు. పైన పెద్ద ద, కింద వత్తు చిన్న ద. పైదానికి తలకట్టు ఉంది, కిందదానికి లేదు. తల్లి కొంగు కప్పుకుంది, పిల్ల బోడితలతో ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. నలభై ఏళ్లుగా రాస్తున్న అక్షరం, నాకెప్పుడూ అలా కనపడలేదు.

అక్కడే ఇంకో తమాషా. నేను ట్రేసింగ్ కాగితం మీద నీటుగా గీసి ఇస్తే, ఆయన దాన్ని బోర్లించి పెట్టారు. అచ్చులో అక్షరం తిరగేసి ఉండాలి, అప్పుడే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. నాలుగేళ్లుగా అద్దకం గుడ్డ అమ్ముతున్నదాన్ని, నాకా సంగతే తట్టలేదు. టేకు ముక్కకి తెల్లగా పూత పూసి, దాని మీదికి గీత దించి, ఉలి పెట్టారు. గీత చుట్టూ ఉన్న చెక్కంతా పోవాలి, గీత మాత్రం మిగలాలి. తలకట్టు కొసన చిన్న పెచ్చు లేచింది. "ఇంకోటి చెక్కనా?" అన్నారు. వద్దన్నాను. ఇప్పటికీ మా లోగోలో తలకట్టుకి ఆ నొక్కు ఉంటుంది.

తర్వాత ఆ అద్దకాన్నే స్కాన్ చేసి అదే కుర్రాడికి ఇచ్చి వెక్టర్ ఫైల్ (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలు) చేయించాను. ముందు దాన్ని కూడా చక్కగా నున్నగా చేసి పంపాడు, నొక్కు లేదు. మళ్లీ పెట్టించాను. విసుక్కున్నాడు పాపం.

అందుకే నేననేది, లోగో ముందు స్క్రీన్ మీద పుట్టకూడదు. మీ వస్తువు మీద అది ఎక్కడ అతి కష్టంగా కూర్చుంటుందో అక్కడ మొదలుపెట్టాలి. మట్టి పాత్రలైతే పచ్చి మట్టి మీద ముద్ర వేసి చూడండి. కుట్టుపనైతే దారంతో కుట్టించండి. కేకులైతే క్రీముతో వేయండి. అక్కడ నిలిచిన బొమ్మ విజిటింగ్ కార్డు మీదా, వాట్సాప్ డీపీ గుండ్రంలోనూ నిలుస్తుంది. ఒక్క రంగుతో బాగోకపోతే నాలుగు రంగులతోనూ బాగోదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకీ వేరే ఫ్రేము కట్టాలి, డబ్బులూ అలాగే పెరుగుతాయి.

తెలుగులో పేరు పెట్టుకునేవాళ్లకి ఇంకో మాట. చిన్న సైజులో మన అక్షరాలకి ముందు పూడుకుపోయేవి వత్తులూ సున్నాలే. సెంటీమీటరు సైజులో ప్రింట్ తీసి చూసుకోండి. డీటీపీ సెంటర్‌కి వెళ్తే 'అను' అనే తెలుగు ఫాంట్లలో అందరూ వాడే నాలుగైదే చూపిస్తారు, కాకపోతే బాపు గారి చేతిరాత. బాపు గారంటే నాకూ ప్రాణమే, కానీ పెళ్లికార్డూ ఆయనే, పచ్చళ్ల సీసా ఆయనే, టిఫిన్ బండీ ఆయనేనా? గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, పెద్దన, గిడుగు లాంటివి ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు కూడా. అయినా మీ అమ్మ చేతిరాత స్కాన్ చేయండి, అది ఇంకెవరి దగ్గరా ఉండదు.

డిజైనర్‌కి ఇస్తే హక్కులు మీకు రాసిచ్చినట్టు కాగితం తీసుకోండి. అందులో కాలం రాయకపోతే మన కాపీరైట్ చట్టం ఐదేళ్లనే లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ట్రేడ్‌మార్క్‌కి ఆన్‌లైన్‌లో మనలాంటి చిన్నవాళ్లకి ఒక్కో క్లాసుకి (అంటే సరుకు రకానికి) 4,500 రూపాయలు, వస్తే పదేళ్లు, ఆ తర్వాత మళ్లీ కట్టుకోవాలి. ముందు ఆ ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లోనే మీ పేరు ఇంకెవరికైనా ఉందేమో వెతికి చూడండి, వెతకడం ఉచితం. సరుకు ఏమిటో చెప్పే మాటనే పేరుగా పెట్టుకుంటే అభ్యంతరం వస్తుంది. బట్టలమ్మేవాళ్లు 'అద్దకం' అన్న మాటని సొంతం చేసుకుంటామంటే ఎవరిస్తారు? మా అక్షరం బొమ్మలాగా ఉంది కాబట్టి దాన్ని బొమ్మగా పెట్టాం.

ఇంకో కడుపుమంట ఉంది, అదీ చెప్పేస్తాను. మిల్లులో స్క్రీన్ ప్రింట్ వేసిన గుడ్డని 'కలంకారీ' అని అమ్మేస్తున్నారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లాలనే గుర్తింపు) ఉంది, అయినా ఆపేవాళ్లు లేరు. "మీటరు అక్కడ తొంభైకే ఇస్తున్నారండీ" అని నా మీద పడతారు. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, అద్ది, కాలవలో ఉతికి, ఉడకబెట్టి, మళ్లీ ఎండబెట్టిన గుడ్డ తొంభైకి ఎలా వస్తుందో వాళ్లే చెప్పాలి. అలా అడిగినవాళ్లకి ఇప్పుడు సంచి మూలన ఆ నొక్కు చూపిస్తున్నాను. కొందరు కొంటారు, కొందరు "డ్యామేజ్ పీసా, తగ్గించండి" అంటారు.

అన్నట్టు, పోయిన నెల ఆ పార్లర్ వాళ్లు బోర్డు మార్చారు. ఇప్పుడు రెండు నెమళ్లున్నాయి.