డూమ్ దొరికిపోయాక మళ్లీ ఎలా మాట్లాడతాడు?

పట్టుబడ్డవాణ్ణి అసలు డూమ్ అనుకోవడం వల్లే మీకు ఈ తికమక. 1962 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ (నలుగురు సూపర్‌హీరోల మార్వెల్ కామిక్) 5వ సంచికలో, విలన్ డూమ్ గతంలోకి పంపిన హీరోలు తిరిగొచ్చాక వాళ్ల చేతికి చిక్కేది డూమ్ రూపంలోని రోబో. అసలువాడు వేరే గదిలోంచి మాట్లాడుతున్నాడు.

ఈసారి ఇలా చదవండి:

1. మొదట డూమ్ అడిగిన మాట గుర్తుపెట్టుకోండి: గతంలోకి వెళ్లి సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ నిధిపెట్టె తేవాలి. అందులోని మాంత్రికుడు మెర్లిన్ రత్నాల కోసమే వాడి ఆరాటం.

2. అందరూ దాటేసేది ఇక్కడే. హీరోల నాయకుడు రీడ్ నిధి తీసేసి పెట్టెలో గొలుసులు నింపుతాడు. ఒప్పుకున్నది పెట్టె తెస్తామనే కదా! (లాయరు బుర్ర.) అది తెరిచాకే గొడవ మొదలై, రోబో గుట్టు బయటపడుతుంది. ఆ పేజీ గబగబా తిప్పేస్తే తర్వాతిదేదీ అర్థం కాదు.

3. గడ్డం పెట్టుకున్న బెన్‌నే (రాతి ఒళ్లున్న హీరో) సముద్రపు దొంగలు బ్లాక్‌బియర్డ్ అంటారు. వేరే పాత్ర కోసం వెతక్కండి.

ఇందులో హల్క్ (మార్వెల్‌లోనే మరో భారీ పాత్ర) ఎక్కడున్నాడని కూడా అడిగారు కదా, ఆ ప్రస్తావన కథ మొదట్లోనే ఉంది. హీరోల్లో ఒకడైన జానీ చేతిలో ఉన్నది హల్క్ కామిక్కే. అది చూపించి బెన్‌ని ఆటపట్టిస్తాడు.