గుల్మార్గ్‌లో ఆరుగురికి మధ్యాహ్న భోజనం తక్కువ ఖర్చులో ఎలా?

ఇద్దరు పిల్లలు, అత్తమామలతో కలిసి చిత్తూరు నుంచి ఆరుగురం ఫిబ్రవరిలో కశ్మీర్ మంచుకొండల్లోని గుల్మార్గ్ వెళ్తున్నాం, అక్కడ మధ్యాహ్నం పూట తిండికే వేలల్లో అవుతుందట, ఏదైనా దారి ఉందా అని ఒకరు అడిగారు. ఉంది. మాదీ సరిగ్గా అదే లెక్క: మేమిద్దరం, పదమూడేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మా అత్తగారు, మామగారు. తిరుపతి కొర్లగుంట నుంచి కిందటి ఏడాది ఫిబ్రవరిలో వెళ్లి నాలుగు రోజులు ఉన్నాం. మొదటి రోజు డబ్బు పోయింది, రెండో రోజు పులిహోర పోయింది, మూడో రోజుకు దారిలో పడ్డాం.

మన ప్రాంతం వాళ్లకు ఒక అలవాటు ఉంది. కొండ అంటే ఒకటే కొండ, తిరుమల. అది ఎక్కితే ఆకలి గురించి బెంగ ఉండదు. 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతున్న చోటు అది. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో బంతిలో కూర్చుంటే చాలు, వద్దనేదాకా వడ్డిస్తారు. ఆ ధీమాతోనే గుల్మార్గ్ కూడా ఎక్కాం. అక్కడ మనతో పాటు అన్నం ధర కూడా కొండ ఎక్కుతుంది. పాపం వాళ్లనూ అనలేం. సుమారు 2,650 మీటర్ల ఎత్తు. బియ్యం బస్తా నుంచి గ్యాస్ సిలిండర్ దాకా అన్నీ కింద తంగ్‌మార్గ్ నుంచి 13 కిలోమీటర్ల మలుపుల రోడ్డులో రావాలి. మంచు పడితే చక్రాలకు గొలుసులు కట్టుకున్న బండ్లే పైకి వస్తాయి.

మొదటి రోజు కారు డ్రైవరు చూపించిన భోజనశాలలోకి వెళ్లాం. గొండోలా, అంటే తీగ మీద కొండెక్కే కేబుల్ కార్, ఎక్కే చోటికి దగ్గరే. రెండు రకాల కూరలు, పప్పు, అన్నం, రొట్టెలు, పిల్లలకు నూడుల్స్. బిల్లు 3,640 రూపాయలు. మామగారు దాన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. డబ్బు ఒక ఎత్తు, పోయిన సమయం ఇంకో ఎత్తు. మంచు మీద జారే స్కీయింగ్ కోసం స్కీలు, బూట్లు, నేర్పే మనిషి అన్నీ రోజుకింత అని మాట్లాడుకున్నాం, అందులో గంటన్నర ఆ బల్ల దగ్గరే పోయింది. పైగా స్కీ బూట్లు వేసుకుని మెట్లెక్కి లోపలికి వెళ్లడం అంటే పాదాలకు రోకళ్లు కట్టుకుని నడిచినట్టే. పాప సగం తినకముందే ఏడుపు మొదలుపెట్టింది.

రెండో రోజు నా తెలివితేటలు ప్రదర్శించాను. పులిహోర పులుసు ఇంట్లో కాచి సీసాలో తీసుకెళ్లాను. పొద్దున్నే మా హోటల్ వంటవాళ్లను అడిగి తెల్లన్నం కొనుక్కుని, కలిపి, స్టీలు డబ్బాలకు సర్ది, గొండోలాలో మొదటి దశ దాకా, అంటే కొంగ్‌డూరికి తీసుకెళ్లాం. గొండోలా ఒక్కో క్యాబిన్‌లో ఆరుగురు పడతారు, ఇంటిల్లిపాదీ ఒకే దాంట్లో కూర్చోవచ్చు, అది మాత్రం బాగుంది. ఒంటిగంటకు పులిహోర డబ్బా మూత తీశాను. చెంచా దిగలేదు. పైన మంచులా తెల్లగా వేరుశనగ నూనె పేరుకుపోయింది, కింద మెతుకులు బిరుసెక్కి ఒకే అచ్చుగా ఉన్నాయి. బాబు డబ్బా బోర్లిస్తే పులిహోర మొత్తం ఇటుకలా బయటికి వచ్చింది. వండిన అన్నం సున్నా డిగ్రీల చుట్టుపక్కల చాలా త్వరగా గట్టిపడుతుంది, వేరుశనగ నూనె కూడా ఆ చలికి గడ్డకడుతుంది. కాబట్టి పులిహోర, పెరుగన్నం ఆలోచనలు మానుకోండి. అలిపిరి మెట్ల దారిలో కాపాడిన డబ్బా అక్కడ కాపాడదు.

ఇక పని చేసిన పద్ధతి. అన్నం మోసుకెళ్లకూడదు, వేడి నీళ్లు మోసుకెళ్లాలి.

అటుకులు, మరీ పలుచనివి కాకుండా మధ్యరకం, దోరగా వేయించి పెట్టుకోండి. వేరుశనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తక్కువ నూనెలో పోపు వేసి చల్లారాక కలపండి. చింతపండును ఈనెలు, గింజలు తీసి, తడి లేకుండా వేయించి, ఉప్పు, పసుపు వేసి పొడి కొట్టండి. అదీ అందులోనే. ఇదంతా ఊళ్లోనే చేసుకుని పూటకు ఒక పొట్లం చొప్పున కట్టుకోవచ్చు. ఆరుగురికి పూటకు అరకిలో మాకు సరిపోయింది. మంచులో గిన్నెలో వేసి, ఫ్లాస్కులోని వేడి నీళ్లు అటుకులు తడిసి కాస్త పైకి తేలేంత పోసి, మూత పెట్టి, అయిదు నిమిషాలు ఆగండి. మూత తీయగానే ఇంగువ వాసనతో ఆవిరి వస్తుంది. ఆ చలిలో ఆ ఆవిరికే సగం ఆకలి తీరుతుంది. నంజుకోవడానికి వేయించిన మజ్జిగ మిరపకాయలు తీసుకెళ్లండి, చలికి మెత్తబడవు.

రెండో ఫ్లాస్కులో చారు. హోటల్ గదిలో కెటిల్ ఉంటే అందులో నీళ్లు మాత్రమే మరిగించండి, చారు కాచి వాళ్ల కెటిల్ పాడు చేయవద్దు. ఫ్లాస్కు అడుగున మిరియాలు ఎక్కువ వేసిన చారుపొడి, చింతపండు గుజ్జు, ఉప్పు వేసి, పైన మరిగే నీళ్లు పోసి బిగించేయడమే. ఆ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి ముందు మామూలు వేడి నీళ్లతో ఫ్లాస్కును ఒకసారి కడిగి వెచ్చబరచండి, లేకపోతే మధ్యాహ్నానికి గోరువెచ్చగా మిగులుతుంది. మూడో రోజు మా పిల్లలకు స్కీయింగ్ నేర్పిన కశ్మీరీ కుర్రాడికి ఒక గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు, గ్లాసు మళ్లీ చాపాడు. బదులుగా తన సంచిలోంచి గిర్దా రొట్టెలు తీసిచ్చాడు. అప్పుడు తెలిసింది మాకు ఆ రొట్టెల సంగతి. తెల్లవారుజామునే తందూరులో కాల్చి అమ్మే దుకాణాలు కశ్మీర్ ఊళ్లన్నిటా ఉంటాయి, చిల్లర డబ్బుకే వస్తాయి. నాలుగో రోజు పిల్లలు అటుకులు వదిలేసి ఆ రొట్టెకు వెన్న, పప్పుల పొడి పట్టించుకుని తిన్నారు. కాగితంలో చుట్టి కోటు లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి మెత్తగానే ఉంటుంది.

గది తీసుకునేటప్పుడే ఒకటి చూసుకోండి. గుల్మార్గ్ హోటళ్లు చాలావరకు ఉదయం టిఫిను, రాత్రి భోజనం గదితో కలిపి ధర చెబుతాయి. విడిగా గది మాత్రమే తీసుకుంటే రెండు పూటలా పైన కొనుక్కుని తినాలి, అది నిండా మునగడమే. కలిపి తీసుకుంటే మీకు మిగిలేది మధ్యాహ్నం ఒక్కటే. ఉదయం పరోటాలు, గుడ్లు, ఉప్మా లాంటివి ఆలస్యంగా, అంటే తొమ్మిదిన్నరకు కడుపునిండా తినిపించండి. మా మామగారైతే మధ్యాహ్నం రెండు గ్లాసుల చారుతోనే సరిపెట్టుకున్నారు.

పెద్దవాళ్లు మంచులో కూర్చుని తినలేరు, నిజమే. చాయ్ దుకాణాల్లో ఆరుగురికీ కహ్వా, అంటే కశ్మీరీ టీ, చెప్పి, మా తిండి ఇక్కడ తినవచ్చా అని మర్యాదగా అడగండి. మేము అడిగిన మూడు చోట్లలో రెండు చోట్ల ఒప్పుకున్నారు. పొట్లాల కాగితాలు, కవర్లు తిరిగి సంచిలోనే వేసుకుని వస్తే రెండో రోజు వాళ్లే పిలుస్తారు. గొండోలా రెండో దశ 3,900 మీటర్లు దాటిన అఫర్వత్ దాకా వెళ్తుంది. అక్కడ మాత్రం తిండి పెట్టుకోకండి. గాలి ఎక్కువైతే ఆ దశ ఆపేస్తారు, ఎక్కినా అంత ఎత్తులో పిల్లలకు తలనొప్పి రావచ్చు. బిస్కెట్లు, మంచినీళ్లు చాలు.

వేడి అన్నం లేనిదే భోజనం చేసినట్టు ఉండదు అనే అత్తగారు మీ ఇంట్లోనూ ఉంటే, ఒక రోజు తొందరగా ముగించుకుని రెండు గంటలకల్లా తంగ్‌మార్గ్ దిగిపోండి. బజారులో శాకాహారం బోర్డు పెట్టిన ఢాబాలు ఉన్నాయి. రాజ్మా, పప్పు, అన్నం, రొట్టెలు ఆరుగురమూ తింటే మాకు 900 రూపాయలు కూడా దాటలేదు. కశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్లు, అడిగితే అన్నం మళ్లీ తెచ్చి పెడతారు. శ్రీనగర్‌లో దిగిన రోజు దుర్గానాగ్ దగ్గరి కృష్ణా వైష్ణో ఢాబాకు వెళ్లండి, రాజ్మా అన్నానికి పేరున్నది. జనం ఎక్కువ, కాస్త ముందే చేరుకోవాలి.

చేతిలో నోట్లు ఉంచుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్న ఒక్కరి ఫోనుతో అందరి చెల్లింపులూ చేయాలంటే సిగ్నల్ కోసం మంచులో నిలబడాలి. ఊరగాయ, పులుసు సీసాలు చేతిసంచిలో కాకుండా పెద్ద సామానులో, రెండు కవర్లలో చుట్టి పెట్టండి. రేణిగుంట విమానాశ్రయంలో తనిఖీ దగ్గర మా నిమ్మకాయ ఊరగాయ కోసం అత్తగారు పావుగంట వాదించారు, ఊరగాయ మాత్రం అక్కడే ఉండిపోయింది.