ముందు ఖాళీ పెట్టె దింపు

కళింగపట్నం

అమ్మలూ,

మొన్న ఫోన్లో సముద్రం అడుగు చూసే కెమెరా చేస్తామన్నావు. వెయ్యి మీటర్లకు దింపుతామని కూడా అన్నావు. వెనక నుంచి మీ అమ్మ "దీనికి పరీక్షలు లేవేటి అన్నయ్యా" అనడం వినిపించింది. నాకైతే సంతోషమే. ముప్పై ఏళ్లు మరపడవల ఇంజన్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేశాను కదా, ఉప్పునీటికి ఓడిపోయిన వస్తువులు నేను చూసినన్ని మీ కాలేజీలో ఎవరూ చూసి ఉండరు. అందుకే ఈ ఉత్తరం.

కెమెరా సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని బుల్లి కెమెరా, మెమరీ కార్డు. ఒకప్పుడు లక్షలు పోస్తేగానీ అవ్వని పని ఇప్పుడు ఒక మాదిరి ఫోన్ ఖర్చుతో మొదలుపెట్టొచ్చంటే ఆ బోర్డుల పుణ్యమే. కష్టమంతా వాటిని పెట్టే పెట్టెతోనే.

పది మీటర్లు దిగిన ప్రతిసారీ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. నీ పెట్టె మూత 10 సెంటీమీటర్ల గుండ్రం అనుకో. 30 మీటర్ల దగ్గర దాని మీద 230 కిలోలు, అంటే ముగ్గురు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. వెయ్యి మీటర్ల దగ్గర దాదాపు 8 టన్నులు. కాబట్టి మొదటి ఏడాది 30 మీటర్లు చాలు. నామోషీ పడకు.

నా మొదటి పెట్టె 12 బారల లోతులోనే మునిగింది. పైకి లాగితే సగానికి నీళ్లు. నీరు చొరకుండా మూత కింద గాడిలో వేసే రబ్బరు రింగు తీసి చూస్తే, ఆ గాడిలో ఒక్క వెంట్రుక. నాదే, అప్పటికి నాకు జుట్టు ఉండేది. తమాషా ఏమిటంటే, ఆ రింగు లోతులో కన్నా పైపైనే ఎక్కువ మోసం చేస్తుంది. లోతుకు పోయేకొద్దీ నీరే దాన్ని గాడిలోకి నొక్కి బిగిస్తుంది. అందుకని మూత వేసే ముందు గాడి తుడువు, రింగును వేళ్ల మధ్య జార్చి చూడు, సిలికాన్ గ్రీజు మెరిసీ మెరవనట్టు పుయ్యి. ముద్దగా పూస్తే ఇసుక అంటుకుంటుంది. బ్రేకులు బాగుచేసే మెకానిక్ దగ్గర గాలి లాగే చేతిపంపు ఉంటుంది, అడిగి తెచ్చుకో. పెట్టెలోని గాలి కొంచెం లాగి పావుగంట పంపు మీటరు ముల్లు చూస్తూ కూర్చో. ముల్లు కదిలితే ఆ రోజుకు సముద్రం లేదు.

స్విచ్ కోసం పెట్టెకు కన్నం పెట్టకు. లోపల అయస్కాంతానికి పనిచేసే స్విచ్ పెట్టి, బయట నుంచి అయస్కాంతం ముక్క ఆనిస్తే కెమెరా మొదలవ్వాలి. నీళ్లలో వైఫై పట్టుమని రెండడుగులు పోదు, బొమ్మ అంతా కార్డులోకే ఎక్కాలి. మూత వేసేది పొడిగా ఉన్న గదిలో, సిలికా జెల్ పొట్లం వేసి. కింద నీరు చల్లగా ఉంటుంది, లోపల తేమ ఉంటే అద్దం మసకబారిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. నీరు చేరిన పెట్టెను ఎప్పుడూ మొహానికి ఎదురుగా విప్పకు. లోపల లిథియం బ్యాటరీ ఉంది. ఉప్పునీరు తగిలితే గ్యాసు పుట్టి మూత తూటాలా వస్తుంది. ఆరుబయట, పక్కకు తిప్పి, ఒక్కో మర నెమ్మదిగా వదులు చెయ్యి.

ఇంకా లోతుకు పోవాలంటే వేరే దారి ఉంది. గాలి ఉంటేనే కదా పెట్టె నలిగేది? గాలే లేకుండా బోర్డునూ కెమెరానూ పారదర్శకమైన ఎపాక్సీలో, అంటే రాయిలా గట్టిపడే జిగురులో, పోత పోసేస్తారు. అలా పోసిన చిన్న కెమెరాలు వేల మీటర్ల లోతు ఒత్తిడిని తట్టుకున్నాయి. కాకపోతే ఒక్కసారే మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి బోర్డు పాడవుతుంది, పొరలు పొరలుగా పొయ్యాలి. అది రెండో ఏడాది ముచ్చట.

లైటు కెమెరా పక్కనే పెడితే మంచులో హెడ్‌లైటు వేసినట్టే, నలకలు తప్ప ఏమీ కనపడవు. జానెడు దూరంగా, ఏటవాలుగా పెట్టు. ఎరుపు రంగు నీళ్లలో అన్నిటికన్నా ముందు మాయమవుతుంది, చేప ఎర్రగా కనపడలేదని కెమెరాను తిట్టకు. వానాకాలంలో అయితే వంశధార బురదంతా ఇక్కడే కలుస్తుంది, అప్పుడు ఎంత లైటు పెట్టినా దండగ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవ దొరకదు.

తాడు విషయంలో మీ సార్లని అడగకు. నాతో పనిచేసిన సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, ఒకాయన ఉన్నాడు, తాతా అని పిలు. ఎంత లోతుకు ఎంత తాడు వదలాలో, నీటి వాలు ఎటుందో ఆయన చేత్తో పట్టుకునే చెప్పేస్తాడు. బరువుకు ఇసుక మూట కట్టు, అదీ సన్నటి తాడుతో. అడుగున చిక్కుకుంటే మూట తెగిపోవాలి, కెమెరా రావాలి. బారువ దగ్గర మునిగిన పాత ఓడ మీద నీకు ఆశ ఉందని తెలుసు. ఇనుము మధ్యలోకి మొదటి కెమెరాను దింపకు.

ఇదంతా ఎందుకు అని మీ అమ్మ అడిగితే ఈ లెక్క చెప్పు. 200 మీటర్లకు దిగువన ఉన్న సముద్రపు నేలలో మనుషులు కంటితోనో కెమెరాతోనో చూసింది 0.001 శాతం కూడా లేదని 2025లో తేల్చారు. అందులోనూ 65 శాతం అమెరికా, జపాన్, న్యూజిలాండ్ దగ్గరే. మన చెన్నైలో ముగ్గుర్ని 6,000 మీటర్లకు తీసుకెళ్లే మత్స్య 6000 అనే జలాంతర్గామి తయారవుతోంది, మంచిదే. కానీ అది ఒకటే. తాడుకు కట్టి దింపే పెట్టెలైతే ఇచ్ఛాపురం నుంచి విజయనగరం తీరంలోని చింతపల్లి దాకా ఊరికొకటి ఉండొచ్చు. వల వేసిన చోట అడుగున ఏముందో సరంగు తాత ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. మొదటి బొమ్మ ఆయనకే చూపించు.

వచ్చేటప్పుడు కెమెరా ఇంట్లోనే ఉంచి ఖాళీ పెట్టె పట్టుకురా, లోపల నాలుగు టిష్యూ కాగితాలు వేసి. అవి పొడిగా పైకొస్తే అప్పుడు మాట్లాడుకుందాం. తాడు నా దగ్గర ఉంది.

నీ
పెదమావయ్య